తిరిగి రానిదేదో చెప్పండి

1

పొద్దున బండి చక్రాలకు నూనె పెట్టాను. అది నా పని కాదు, మద్దిలేటన్న పని. ఆయన తెరచాప కింద ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. లేపితే, "గాలి లేసినాక నేనూ లేస్తా పాపా. గాలి లేకుండా నేనొక్కన్నే లేసి ఏం జేద్దును?" అన్నాడు. నిజమే కాబట్టి నూనె డబ్బా నేనే తీశాను.

బండి అంటే మా కోర్టు. రైళ్ళు ఆగిపోయాక మిగిలిన పట్టాల మీద తెరచాప కట్టుకుని తిరిగే ఒక గది. లోపల ఒక బల్ల, బల్ల వెనక ఒక కుర్చీ, పక్కన ముక్కాలి పీట, పీట ముందు కొయ్య గంట. కుర్చీ జడ్జి అంబుజాక్షి గారిది. పీట నాది, గంట కూడా నాదే. నేను హేమావతిని, బండి కోర్టులో గంట గుమాస్తాని.

నాతో చదివినవాళ్ళంతా సరళి ఆఫీసులో చేరారు. ఏ ఊళ్ళో దావా వేసినా దాన్ని నడిపేది సరళి అనే యంత్రం. ఊరి నడుమ నల్ల పలక ఉంటుంది. దాని ముందు నిలబడి అర్జీ చెప్పుకుంటే, మనం నోరు మూసేలోపు ఉత్తర్వు వచ్చేస్తుంది. ఫలానా సాక్షిని పిలవచ్చు, ఫలానా పత్రం చెల్లదు, ఫలానా చోటు చూడనక్కర్లేదు. తుది తీర్పు వచ్చేదాకా దారి పొడుగునా ఇలాంటి ఉత్తర్వులే. వాటిలో ఏదైనా గుచ్చుకుంటే మా బండి వచ్చేదాకా కాచుకోవాలి. మేం వచ్చాక కూడా ఆ ఉత్తర్వు తప్పా ఒప్పా అని అడగం. మా బల్ల అడిగేది ఒక్కటే: తుది తీర్పు దాకా ఆగితే, ఆ తర్వాత తిరిగి రానిదేమైనా ఉందా? ఉంటే అదేదో చెప్పండి. లేదంటే బండి కదులుతుంది.

చాలా ఊళ్ళలో బండి కదులుతుంది. అందుకే నా నేస్తాలు మమ్మల్ని "చూసిపోయే చుట్టాలు" అంటారు. ఆ మాట నాకు కాలుతుంది. నిజం చెప్పాలంటే ఈ పీట కూడా నాకు కాలుతుంది. నాకు కావలసింది కమిషనర్ పని. కోర్టు తరఫున చోటుకు వెళ్ళి, కళ్ళతో చూసి, చూసింది చూసినట్టు చెప్పే పని. అడిగినప్పుడల్లా జడ్జి గారు, "ముందు గంట కొట్టడం నేర్చుకో" అంటారు.

గంటలో నేర్చుకోవడానికి ఏముందని అప్పట్లో అనుకున్నాను. నియమం చిన్నదే. బల్ల ముందు ఎవరైనా సరే, దావాలో న్యాయం ఎవరిదన్న మాట ఎత్తితే గంట పడుతుంది. ఆ మాట లేనట్టే లెక్క. అర్జీదారు మీద మూడో గంట పడితే అర్జీయే పోతుంది. మనుషులు పోగొట్టుకోబోయేదాన్ని చెప్పమంటే చెప్పరు, తమకు జరిగిన అన్యాయం చెబుతారు. నేను గంట కొడతాను. మూడో గంట కొట్టిన రోజు నాకు సంగటి గొంతు దిగదు.

గాలి లేచింది. మద్దిలేటన్న కూడా లేచాడు. ఎల్లుండికల్లా గాలికొండ చేరాలి.

2

గాలికొండ కింద బండి ఆపాం. పట్టాలు ఇక్కడితో సరి. ఇక్కణ్ణుంచి నడకే.

వానలు తప్పాక ఈ కొండ మనుషులు మంచు తాగి బతుకుతున్నారు. కొండ ఒంటి మీద గుంజలు పాతి, గుంజల మధ్య సన్నటి వలలు కట్టారు. మార్గశిరం వస్తే పడమటి నుంచి మంచు మబ్బులా పాక్కుంటూ వస్తుంది. వలకు తగులుకుని, బొట్టుబొట్టుగా జారి, కింద రేకు కాలవలోంచి తొట్టిలో పడుతుంది. కాలవ మూతి దగ్గర సరళి పెట్టిన మీటరు ఉంటుంది. పడిన నీళ్ళన్నీ అందులోంచే పోవాలి.

కొండ మీద రెండు ఊళ్ళు. ఎగువన పైగుట్ట, దిగువన కిందిమిట్ట. పోయిన ఏడాది పైగుట్టవాళ్ళు తమ వలల మీద ఇంకో వరస లేపారు, తాటిచెట్టంత ఎత్తున. అప్పట్నుంచి మాకు మంచు చేరడం లేదని కిందిమిట్టవాళ్ళు దావా వేశారు. "మంచు దిగేటప్పుడు ఎవరినైనా పంపి కళ్ళారా చూపించండి" అని అర్జీ కూడా పెట్టుకున్నారు. సరళి ఉత్తర్వు పలక మీద ఇంకా అట్లాగే ఉంది:

"రెండు ఊళ్ళ మీటరు లెక్కలూ నా దగ్గర ఉన్నవి. కిందిమిట్ట లెక్కలో తగ్గుదల లేదు. కంటితో చూడవలసిన అవసరం కనిపించదు. అభ్యంతరం ఉన్నచో తుది తీర్పుపై అప్పీలులో చెప్పుకొనవచ్చును."

దాన్ని చదువుతుంటే వెనక నుంచి ఒక గొంతు: "సదివితివా? మాకు నీళ్ళు బాగా పడుతుండాయంట. దానికి తెలుసంట, మాకు తెల్దంట!"

ఆమే సుంకమ్మ, కిందిమిట్ట వలల పెద్ద. అర్జీదారు కూడా ఆమే. నెరిసిన జుట్టు, మోకాళ్ళ పైకి చెక్కిన చీర, నడుముకు వల కుట్టే సూది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా గంట కొట్టే పాప?"

"అవునక్కా."

"ఎంత గట్టిగా కొడతావు?"

"వినపడేంత."

"నా నోరు నీ గంట కన్నా పెద్దదమ్మా, చూసుకో," అని నవ్వింది. నవ్వుతూనే మమ్మల్ని బసకు నడిపించింది. దారిలో కొన్ని ఇళ్ళ ముందు మూటలు కట్టి ఉన్నాయి. మంచాలు నిలబెట్టి, తలుపులు ఊడదీసి వాటికి చేరేశారు. ఎక్కడికని అడిగాను.

"కిందికి. మంచు కాలం అయిపోతానే దిగిపోతారు. తొట్లల్లో నీళ్ళుంటే యాందుకు దిగుతారు?" నవ్వు ఆగిపోయింది. "ఇరవై గడపలుండె. ఈ ఏడు మంచు అయిపోయేతలికి నేనూ నా సూదీ మిగుల్తామేమో."

బల్ల వేయకముందు అర్జీదారుతో కేసు మాట మాట్లాడకూడదు. జడ్జి గారు మూటల వైపు కూడా చూడకుండా నడిచారు. ఆవిడకు మెడ నొప్పి వచ్చి ఉంటుంది.

3

ఈ నమోదు నా సొంతానికి. బల్ల చిట్టాలో ఇది లేదు, ఉండకూడదు.

తెల్లవారుతుండగా చలికి మెలకువ వచ్చి బయటికి వచ్చాను. కొండ నెత్తంతా పాలు పొంగినట్టు ఉంది. మంచు పైగుట్ట మీదుగా పల్చగా కొండ దిగుతోంది. వలల దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క కడవ. మంచు వల దాకా రాకముందే కడవలు ఎత్తి, వల పైఅంచు మీద నీళ్ళు పోశారు. వల పొడుగునా తడి పాకింది.

"ఏం చేస్తున్నారు?" అని ఒకామెను అడిగాను.

"నోరు తడుపుతాండాం. ఎండు వలకు మంచు అంటదు పాపా. దాని నోరు ముందు మనం తడిపితే, అది తాగి మనకిస్తాది."

"రోజూనా?"

"మంచు వచ్చిన్నాడల్లా. మా అవ్వలు ఒక చెంబు పోస్తుండ్రి. ఇప్పుడు మంచు పల్చబడె గదా, వల తొందరగా ఎండిపోతాది. అందుకే కడవలు పోస్తాండాం."

నేను కాలవ వైపు చూశాను. వల మీద పోసిన నీళ్ళు జారి, కాలవలోంచి మీటరు గుండా తొట్టిలోకే పోతున్నాయి. తొట్టిలోంచి మళ్ళీ కడవలోకి, కడవలోంచి వల మీదికి. మీటరు ముల్లు ప్రతిసారీ కదులుతూనే ఉంది.

మంచు తగ్గేకొద్దీ వీళ్ళు ఎక్కువ పోస్తున్నారు. ఎక్కువ పోసేకొద్దీ సరళికి ఎక్కువ పడినట్టు కనిపిస్తోంది. ఇది ఇక్కడున్న ఎవరికీ తట్టలేదు. తడపడం వాళ్ళకు దండం పెట్టుకోవడం లాంటిది, దాన్ని లెక్కలోకి తెచ్చే ఆలోచనే వాళ్ళకు లేదు. సరళికి వల తెలుసు, మీటరు తెలుసు. కడవ తెలీదు.

సుంకమ్మ దగ్గరికి పరిగెత్తి చెప్పేద్దామనిపించింది. రెండడుగులు వేశాను కూడా. అక్కడే ఆగిపోయాను. ఇది న్యాయం ఎవరిదన్న మాట. మా బల్లకు సంబంధం లేని మాట. గంట పట్టుకునే చెయ్యే ఒక పక్షం చెవిలో ఊదితే, ఇక ఆ గంటకు విలువేముంది? జడ్జి గారికి చెప్పినా అంతే, విన్న చెవిని ఆవిడ విననట్టు చేయలేరు.

తిరిగి వచ్చి పళ్ళు తోముకున్నాను. వేపపుల్ల విరిగేదాకా తోముకున్నాను.

4

మంచు విడిపోయాక పలక ముందు బల్ల వేశాం. రెండు ఊళ్ళూ వచ్చాయి. పైగుట్ట తరఫున ప్లీడరు పురందర్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, చురుకైన కళ్ళు. మద్దిలేటన్న బల్ల కాలికి ఆనుకుని అప్పుడే కునుకు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క వాదన కూడా విన్నట్టు దాఖలా లేదు.

జడ్జి గారు మామూలుగా అడిగారు. "తుది తీర్పు దాకా ఆగితే తిరిగి రానిదేదో చెప్పండమ్మా."

సుంకమ్మ కొంగు దోపుకుంది. "సెప్తా. ఈ పైగుట్టోళ్ళుండారే, మా నోటికాడి మంచు పెరుక్కుని తింటాండే దొంగ..."

గంట కొట్టాను.

ఆమె ఉలిక్కిపడింది. "నేనింకా మొదులే పెట్టలేదు గదమ్మా!"

"మొదలుపెట్టిందే దానితో కదా," అన్నారు జడ్జి గారు. "వాళ్ళు దొంగలో దొరలో ఈ బల్లకు అక్కర్లేదు. మీకు పోయేదేమిటి?"

పైగుట్టవాళ్ళలో ఎవరో నవ్వారు. సుంకమ్మ మెడ తిప్పి చూసింది. నా చెయ్యి గంట మీదకు పోయింది. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ ఇటు తిరిగింది.

"సరే. మంచు పోతాది. మంచు కాలం ఇంక వారమో పది దినాలో. తీర్పు ఎండలకు వస్తాది. ఎండల్లో వచ్చి చూస్తే ఏం కనపడతాది? రాళ్ళు."

"మంచు మళ్ళీ ఏడు కూడా వస్తుంది మేడమ్," పురందర్ లేచాడు. "తీర్పు వచ్చాక, అప్పీలులో అవసరమనిపిస్తే వచ్చే మార్గశిరంలో చూసుకోవచ్చు. తిరిగి వచ్చేదాన్ని తిరిగి రానిదంటే ఎట్లా?"

మంచి వాదన. చాలా మంచి వాదన. ఇలాంటి వాదనల మీదే మా బండి ఎన్నో ఊళ్ళు దాటింది. జడ్జి గారు తల ఊపడం చూశాను. కిందిమిట్టవాళ్ళూ చూశారు. సుంకమ్మకు రోషం తన్నుకొచ్చింది.

"మళ్ళీ ఏడు వచ్చే మంచు గూడా నువ్వే తింటావు గదప్పా! ఆ తాటిచెట్టంత వలలు పీకితే గానీ మాకు న్యాయం..."

కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఎందుకంత గట్టిగా కొట్టానో నాకు తెలుసు. ఆమె పక్షాన నా మనసు ఒరిగి ఉంది. ఒరిగిందని తెలిసినందుకే చేతిని ఇంకాస్త బిగించాను.

ఊరంతా నా వైపు చూసింది. పొద్దున నాకు నోరు తడపడం గురించి చెప్పినామె కళ్ళు దించుకుంది. "రెండు," అన్నారు జడ్జి గారు. "ఇంకొకటి పడితే అర్జీ లేదు. ఒక గుక్క నీళ్ళు తాగి రండి."

"నీళ్ళా?" అంది సుంకమ్మ. "ఈ ఊళ్ళోనా?"

అది కేసు మాటా, నవ్వుల మాటా తేల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. నవ్వుల మాట. జడ్జి గారి పైపెదవి మీద చెమట చుక్క కూడా కదలకుండా ఆవిడ నవ్వు ఆపుకున్నారు. వదిలేశాను.

5

చెట్టు నీడ లేని చోట ఆమె ఒక్కతే కాసేపు కూర్చుంది. మూటలు కట్టిన ఇళ్ళ వైపు చూస్తూ నడుముకున్న సూదిని తీసి, మళ్ళీ గుచ్చుకుంది. తిరిగి వచ్చి బల్ల ముందు నిలబడినప్పుడు గొంతు వేరుగా ఉంది.

"ప్లీడరు సామి చెప్పింది నిజమే. మంచు వస్తాది. మంచుదేం పోయె, దానికి కొండుంటే సాలు. మేముండం."

మూటల వైపు చెయ్యి చూపింది.

"వల ఊరికే పట్టదమ్మా మంచును. పట్టించే మనుసులుండాల. పొద్దున్నే లేసి, మంచు యా దిక్కున వస్తాండాదో చూసి, దాని నోరు తడపల్ల. ముందర మేము పోస్తేనే అది మాకు పోస్తాది. రేపు ఆ మూటలు దిగిపోతే తడిపేవాళ్ళుండరు. ఎండు వలలుంటాయి. మళ్ళీ ఏడు మీరు పంపే మనిషి వచ్చి ఎండు వలలను చూస్తాడు. అది చూస్తే మమ్మల్ని చూసినట్టయితాదా? మేము బతికే తీరు చూడాలంటే మేము బతుకుతాండంగానే చూడల్ల. అదే పోయేది. అది మాత్రం తిరిగి రాదు."

నా చెయ్యి గంట మీద ఉంది. ఆమె ఏం చెప్పిందో ఆమెకు తెలీదని నాకు తెలుసు. కానీ ఆమెకు తెలీనిది ఇంకొకరికి తెలిసిపోయింది. పురందర్ చురుకైన కళ్ళు ఒక్కసారిగా కాలవల వైపు పోయాయి, అక్కణ్ణుంచి మీటర్ల వైపు. ఆయన మొహం మారింది. లేచి నిలబడ్డాడు.

"గంట! మూడో గంట! ఇది కేసు మాట మేడమ్. వలల మీద నీళ్ళు పోస్తున్నామంటే, పోసిన నీళ్ళు మీటరులో పడుతున్నాయని, మీటరు లెక్క తప్పని చెప్పినట్టే కదా! పోయేదాని ముసుగులో సరళి లెక్కనే తప్పుపడుతోంది!"

సుంకమ్మ నోరు తెరిచి ఆయన వైపు చూసింది. తర్వాత కాలవ వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు.

"మీటరు మాట నేనెప్పుడంటిని సామీ?" అంది, చాలా నెమ్మదిగా.

"హేమావతీ," అన్నారు జడ్జి గారు. "గంట ఎందుకు పడలేదు?"

నేను లేచి నిలబడ్డాను. గంట గుమాస్తా కొట్టినా కొట్టకపోయినా, అడిగితే కారణం చెప్పాలి.

"తన వలలు ఎట్లా పనిచేస్తాయో ఆమె చెప్పింది. మనుషులు పోతే అది చూడ్డానికి ఉండదని చెప్పింది. లెక్క తప్పని అనలేదు, ఎవరిది న్యాయమో అనలేదు. చూడమని అడగడానికి చూడవలసిందేమిటో చెప్పక తప్పదు మేడమ్. మీటరు పేరెత్తింది ఆమె కాదు."

"మరి?"

"ప్లీడరు గారు."

గంట కొట్టాను. ఈసారి ఆయన మీద.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కిందిమిట్ట వరసలోంచి ఒక ఈల వినపడింది. జడ్జి గారు కళ్ళెర్రజేస్తే ఆగింది. పురందర్ నా వైపే చూస్తున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. కాసేపటికి పెదవి కొరుక్కుని, చేతిలోని కాగితాలు మడిచి, "గంట సరైనదే," అని కూర్చున్నాడు. నిలబడి ఓడిపోవడం తెలిసిన మనిషి.

జడ్జి గారు ఉత్తర్వు నోటితోనే చెప్పారు, నేను పలకకు ఎక్కించాను. సరళి ఉత్తర్వు తప్పని ఈ బల్ల అనదు. అయితే తుది తీర్పు దాకా ఆగితే చూడవలసినది చూడ్డానికి మిగలదు కాబట్టి, మంచు ఉండగా, మనుషులు ఉండగా, రెండు ఊళ్ళ వలలనూ కమిషనర్ చూసి, చూసింది చూసినట్టు సరళికి చెప్పాలి. అంతకుమించి ఒక్క మాట కూడా ఈ బల్ల మాట్లాడదు.

6

ఇది రాయడానికి కలం రెండుసార్లు పెట్టి తీశాను.

ఉత్తర్వు పలక మీద పూర్తిగా తేలకముందే జడ్జి గారు నా వైపు తిరిగారు. "ఎప్పట్నుంచో అడుగుతున్నావు కదా. కమిషనర్‌గా నిన్ను వేస్తాను. రెండు పక్షాలకూ అభ్యంతరమా?"

"లేదు" అన్నాడు పురందర్. "మాకేముంది, బంగారం లాంటి పాప," అంది సుంకమ్మ.

అంతమంది ముందు, నా పేరు. కోర్టు తరఫున వెళ్ళి చూసే మనిషి. నేస్తాలకు ఎట్లా చెప్పాలో కూడా లోపల్లోపల తయారైపోయింది.

"నేను పనికిరాను మేడమ్," అన్నాను.

"ఏం?"

"పొద్దున నేను వలల దగ్గరికి పోయాను. నోరు తడపడం చూశాను. మీటరు ముల్లు కదలడమూ చూశాను. మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. కానీ రేపు చూసే కళ్ళు ఆ లెక్క లేని కళ్ళు అయి ఉండాలి."

జడ్జి గారి చూపు గంట మీదికి పోయింది. "తెలిసీ గంట దగ్గర కూర్చున్నావా?"

"కూర్చున్నాను. మొదటి రెండు గంటలూ కొట్టాను కూడా."

ఆవిడ పురందర్ వైపు తిరిగారు. "మీకు అన్యాయం జరిగిందనిపిస్తే చెప్పండి. ఇంకొకరిని గంట దగ్గర కూర్చోబెట్టి మొదటి నుంచి వింటాను."

ఆయన లేచాడు. ఇస్త్రీ నలగని చొక్కాను అనవసరంగా సర్దుకున్నాడు. "అర్జీదారు మీద రెండు కొట్టింది. నా మీద ఒకటే కొట్టింది. ఆ ఒకటీ నా చేజేతులా తెచ్చుకున్నదే. ఏమని ఫిర్యాదు చేయను మేడమ్? వద్దు."

"అయితే కమిషనర్ ఎవరు? అర్జీ గురించి ఏమీ తెలియని మనిషి కావాలి."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో బల్ల కాలి దగ్గర్నుంచి గురక వినపడింది.

సుంకమ్మే ముందు నవ్వింది. పురందర్‌కు కూడా నవ్వు ఆగలేదు. మద్దిలేటన్న భుజం తట్టి లేపాను. "ఏం పాపా, బండి కదలల్లనా?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. ఈ దావా దేని గురించో తెలుసా అని జడ్జి గారు అడిగారు. ఆయన చుట్టూ చూసి, "చెరువు గురించేమో," అన్నాడు.

రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

7

మంచు రాదేమోనన్న భయంతో ఊరు ఊరంతా చీకటి విడవకముందే లేచింది. కాలం ఆఖరికి వచ్చింది, రాని రోజులు కూడా ఉంటాయట. వచ్చింది. పల్చగా, బద్ధకంగా, కానీ వచ్చింది.

నేను వలల దగ్గరికి పోలేదు. పోకూడదు. దూరంగా బండమీద కూర్చుని మద్దిలేటన్నను మాత్రం చూశాను. "రోజూ ఏం చేస్తారో అదే చేయండమ్మా" అని చెప్పి ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు నోరు తడిపారు. తొట్టిలోంచి మళ్ళీ కడవలు నింపారు. ఆయన అటు నడిచి, ఇటు నడిచి, కాలవలో వేలు పెట్టి, మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత పైగుట్ట ఎక్కాడు. అక్కడ కూడా తడుపుతారట. వాళ్ళూ వీళ్ళూ ఒకప్పుడు ఒకే ఊరు. కాకపోతే వాళ్ళు కొళాయి తిప్పి తడుపుతారు.

దిగి వచ్చి పలక ముందు నిలబడి చెప్పాడు. బల్ల చిట్టాలో ఎక్కించినదాన్నే ఇక్కడా రాసుకుంటున్నాను, నాకు నచ్చింది కాబట్టి:

"కిందూర్లో ఆడోళ్ళు వల మింద నీళ్ళు పోసినారు. పోసిన నీళ్ళు మీటరులో పడె. పైనూర్లో గూడా పోసినారు, అవి గూడా పడె. మంచు ముందు పై వలలకు తగిలె. కిందికి వచ్చింది పల్చగుండె. పోసినవి ఎన్నో, మంచువి ఎన్నో నాకు తెల్దు. నేను చూసింది ఇంతే. ఆకలైతాండాది."

సరళి, మనం నోరు మూసేలోపు జవాబిచ్చే యంత్రం. ఈసారి ఇవ్వలేదు. పలక చాలాసేపు నల్లగానే ఉంది. చివరికి అక్షరాలు తేలాయి:

"కమిషనర్ నివేదిక స్వీకరించడమైనది. వలలు తడుపు సమయమున రెండు ఊళ్ళ మీటర్లూ నిలుపవలెను. పాత లెక్కలు ఇంతటితో రుజువుగా చెల్లవు. మంచు కాలము ముగియులోగా కొత్త లెక్క తీయబడును. ఇకపై కంటితో చూడుమను ఏ అర్జీనైనను తిరస్కరించుటకు ముందు, ఆగినచో తిరిగి రానిదేమైన కలదా అని అర్జీదారును అడుగుదును."

చివరి వాక్యాన్ని నేను మళ్ళీ మళ్ళీ చదివాను. అది మా బల్ల ప్రశ్న. చూసిపోయే చుట్టాల ప్రశ్న. అంత పెద్ద సరళి దాన్ని మా నోటి నుంచి తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. నేస్తాలకు ఇవాళ నేనేమీ చెప్పను. రేపు వాళ్ళ ఆఫీసులోనే చదువుకుంటారు.

8

బయల్దేరేముందు సుంకమ్మ నన్ను పక్కకు లాగింది. "గెలిస్తిమా పాపా?"

"లేదక్కా. దావా ఇంకా అట్లాగే ఉంది. కొత్త లెక్క మీకు అనుకూలంగా రావచ్చు, రాకపోవచ్చు."

"అంటే గెలవలేదు."

"మిమ్మల్ని చూశారు."

ఆమె ఆ మాటను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు పెదవులు కదిపింది. "చూసినారు," అంది. "ఓడిపోయినా చూసి ఓడగొడతారు. అది వేరేలే." వెనక్కి తిరిగి కేకేసింది. "మేయ్, ఆ తలుపులు మళ్ళీ పెట్టుకోండి. చలికి పిల్లోళ్ళు చస్తారు. లెక్క తేలేదాకా ఎవురూ యాడికీ పోయే పనిలేదు!"

ఒక ఇంటి ముందు మంచం అడ్డంగా పడింది. మూట ముడి విప్పుతున్న చప్పుడు.

బండి దాకా ఆమె వెంట వచ్చింది, చంకలో కడవతో. మద్దిలేటన్న తెరచాప ఎత్తగానే, మేం వద్దంటున్నా వినకుండా, కడవ ఎత్తి చాప మీద నీళ్ళు గుమ్మరించింది. ఆ ఊళ్ళో ఒక కడవ నీళ్ళంటే ఏమిటో తెలిసి జడ్జి గారు చేతులు జోడించారు.

"నోరు తడపకుండా యాడికి పంపేది?" అంది సుంకమ్మ.

తడిసిన చాప గాలిని గట్టిగా పట్టుకుంది. బండి ఎప్పుడూ లేనంత జోరుగా కదిలింది. కొండ వెనక్కి పోతోంది. వలలు ఎండలో సాలెగూళ్ళలా మెరిశాయి. నేను ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ఈ పీట ఇవాళ కాలడం లేదు. ఈ గంటను ఇంకెవరి చేతికీ ఇవ్వాలనిపించడం లేదు. కమిషనర్ పని వస్తే వస్తుంది. రానీ.

జడ్జి గారు కుర్చీలో వెనక్కి వాలి, కొండ వైపు చూస్తూ నిట్టూర్చారు. "మనలో మాట హేమావతీ. నాకైతే ఈ దావాలో న్యాయం కిందిమిట్ట..."

గంట కొట్టాను.

ఆవిడ అదిరిపడ్డారు. "బల్ల ఎత్తేశాం కదే!"

"దావా ఇంకా ఉంది కదా మేడమ్."

ఆవిడ నన్ను చూశారు, గంటను చూశారు. ఎత్తిన చెయ్యి దించి, బడిపిల్లలా నోటి మీద వేలు పెట్టుకున్నారు. చాప కింది నుంచి, కళ్ళు తెరవకుండానే మద్దిలేటన్న అడిగాడు.

"ఇప్పుడు ఎవురి మీద పడె?"